అనాథ కౌమారుల చదువు: ఫీజు కట్టడంతో ముగియని ఆసరా

తల్లినో తండ్రినో కోల్పోయిన పిల్లలు ఒక్క రోజులో బడి మానేయరు. మొదట హాజరు పట్టీలో అక్కడక్కడా ఖాళీలు కనిపిస్తాయి. తర్వాత వారానికి రెండు మూడు రోజులు పోతాయి. ఒక పరీక్ష తప్పుతుంది, దానితో తరగతిలో వెనకబడతారు, వెనకబడ్డాక బడికి వెళ్లాలన్న ఉత్సాహం సన్నగిల్లుతుంది. పట్టీలో పేరు కొట్టేసే నాటికి, ఆ పిల్లవాడిని బడి మాన్పించాలన్న నిర్ణయం ఎవరు తీసుకున్నారో, అసలు ఎప్పుడు తీసుకున్నారో ఇంట్లోవాళ్లు కూడా చెప్పలేని పరిస్థితి ఉంటుంది. పశ్చిమ కెన్యాలోని బుసియా జిల్లాలో ఇరవై వేలకు పైగా పిల్లల వివరాలను కొన్నేళ్ల పాటు సేకరించి డేవిడ్ ఎవాన్స్, ఎడ్వర్డ్ మిగెల్ 2007లో ప్రచురించిన అధ్యయనం ఈ క్రమాన్ని అంకెలతో పట్టుకుంది. తల్లి లేదా తండ్రి చనిపోయాక పిల్లల హాజరు గణనీయంగా పడిపోయింది. అంతకంటే తక్కువ స్థాయిలోనే అయినా, మరణానికి ముందే ఆ పతనం మొదలైంది. ఇంట్లో మనిషి మంచం పట్టిన నాటి నుంచే పిల్లల చదువు కుంటుపడుతుందన్నమాట. తల్లి పోయిన పిల్లల్లోనూ, అప్పటికే చదువులో వెనకబడి ఉన్న పిల్లల్లోనూ ఈ దెబ్బ అందరికంటే ఎక్కువగా కనిపించింది.

ఈ చివరి అంశాన్ని ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. చదువులో చురుగ్గా ఉన్న అనాథ పిల్లలను ఏదో ఒక దాత, ఏదో ఒక స్కాలర్‌షిప్ వెతుక్కుంటూ వస్తాయి. మార్కుల జాబితాలో వాళ్ల పేర్లు పైన ఉంటాయి కాబట్టి వాళ్లు కళ్లబడతారు. బడికి దూరమయ్యే ప్రమాదం మాత్రం జాబితా అడుగున ఉన్నవారికే ఎక్కువ. ప్రతిభనే కొలమానంగా పెట్టుకున్న సహాయం, ఎక్కువ అవసరం ఉన్నవారిని మొదటి మెట్టులోనే వదిలేస్తుంది. ఇది సహాయకుల మనసులో ఉన్న లోపం కాదు, ఎంపిక పద్ధతిలో ఉన్న లోపం. అందువల్ల దాన్ని సరిదిద్దడం సాధ్యమే.

యునిసెఫ్ నిర్వచనం ప్రకారం పద్దెనిమిదేళ్ల లోపు వయసులో తల్లిని గాని తండ్రిని గాని, లేక ఇద్దరినీ గాని కోల్పోయినవారు అనాథలు. ఈ లెక్కన 2015 నాటికి ప్రపంచంలో దాదాపు 14 కోట్ల మంది అనాథలు ఉన్నారని ఆ సంస్థ అంచనా వేసింది. ఇద్దరినీ కోల్పోయినవారు వారిలో దాదాపు కోటిన్నర మంది. మిగిలినవారికి తల్లో తండ్రో ఎవరో ఒకరు బతికే ఉన్నారు. అనాథ అనగానే అనాథాశ్రమం గుర్తుకు వచ్చే అలవాటు మనకు ఉంది గాని, అత్యధికులు ఉండేది ఇళ్లలోనే: ఒంటరి తల్లి దగ్గరో, అమ్మమ్మ తాతయ్యల దగ్గరో, బాబాయి, మేనమామ, పెద్దమ్మల ఇళ్లలోనో, ఇంకా దూరపు చుట్టాల పంచనో. ఈ మొత్తంలో అయిదేళ్లు దాటినవారు నూటికి 95 మంది. అంటే ఈ సమస్య ప్రధానంగా బడి ఈడు పిల్లలది, వారిలోనూ కౌమారంలో ఉన్నవారిది.

చిన్న తరగతుల్లో అనాథ పిల్లలు, ఇతర పిల్లలు బడిలో దాదాపు కలిసే కనిపిస్తారు. తేడా పదకొండు పన్నెండేళ్ల తర్వాత బయటపడుతుంది. దీనికి కారణాలు ఒకటికి మించి ఉన్నాయి, అవన్నీ ఒకే సమయంలో వచ్చి పడతాయి. చాలా దేశాల్లో ప్రాథమిక విద్య ఉచితం; ఉగాండా 1997లో, కెన్యా 2003లో ప్రాథమిక బడుల్లో ఫీజులు ఎత్తివేశాయి, పిల్లలు వెల్లువలా వచ్చి చేరారు. కాని ఉన్నత తరగతుల గడప దగ్గరకు వచ్చేసరికి ఫీజు, పరీక్ష రుసుము, కొత్త యూనిఫాం, ఎక్కువ పుస్తకాలు, దూరపు బడికి ప్రయాణ ఖర్చు ఒక్కసారిగా ముందుకొస్తాయి. అదే వయసులో పిల్లల శ్రమకు ఇంట్లోనూ బయటా విలువ పెరుగుతుంది. ఏడేళ్ల పిల్లవాడు బడికి పోకపోతే ఇంటికి కలిసొచ్చేది ఏమీ ఉండదు. పద్నాలుగేళ్ల పిల్లవాడు పోకపోతే ఒక కూలి వస్తుంది, లేదా ఒక ముసలమ్మకు తోడు దొరుకుతుంది. ఆడపిల్ల అయితే చిన్న తమ్ముళ్లను చూసుకునే బాధ్యత ఆమె మీద పడుతుంది, ఆ వెనకే పెళ్లి మాట వస్తుంది. సంరక్షకుల దృష్టిలో ఆ పెళ్లి బరువు దించుకోవడం మాత్రమే అనుకోవడం అన్యాయం. తాము పోయాక ఈ పిల్లకు ఎవరు దిక్కు అన్న భయం కూడా అందులో ఉంటుంది.

పేదరికమే దీనికంతటికీ మూలం అనుకుంటే విశ్లేషణ అక్కడే ఆగిపోతుంది. పేదరికం పెద్ద కారణమే. మార్తా ఏన్స్‌వర్త్, డియాన్ ఫిల్మర్ 51 దేశాల సర్వేలను పరిశీలించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, చాలా చోట్ల అనాథలకూ ఇతరులకూ మధ్య ఉన్న అంతరం కన్నా, ధనిక పిల్లలకూ పేద పిల్లలకూ మధ్య ఉన్న అంతరమే ఎంతో పెద్దదని తేలింది. ఈ అంతరం దేశాన్ని బట్టి చాలా మారుతుందని కూడా అది చూపింది. ఈ ఫలితం ఒక హెచ్చరిక: అనాథలను మాత్రమే విడదీసి సాయం చేస్తే పక్కింటి నిరుపేద పిల్లవాడికి అన్యాయం జరగవచ్చు. అయితే దీనికి రెండేళ్ల ముందు, 2004లో ఆన్ కేస్, క్రిస్టినా పాక్సన్, జోసెఫ్ ఆబ్లైడింగర్ పది ఆఫ్రికా దేశాల నుంచి సేకరించిన 19 సర్వేలతో చేసిన పరిశోధన మరో కోణాన్ని బయటపెట్టింది. ఒకే ఇంట్లో, ఒకే ఆదాయంతో, ఒకే కప్పు కింద బతుకుతున్న పిల్లల్లో కూడా అనాథ పిల్లలు బడిలో ఉండే అవకాశం తక్కువగా ఉంది. ఇంటిపెద్దతో రక్తసంబంధం ఎంత దూరమైతే బడికి దూరమయ్యే అవకాశం అంత పెరిగింది. అమ్మమ్మ తాతయ్యల దగ్గర పెరిగే పిల్లల కంటే దూరపు బంధువుల దగ్గరో, బంధుత్వమే లేనివారి దగ్గరో పెరిగే పిల్లలే ఎక్కువగా నష్టపోయారు.

దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నటాల్ ప్రాంతంలో ఆన్ కేస్, కాలీ ఆర్డింగ్టన్ చేసిన మరో అధ్యయనం ఈ చిత్రాన్ని ఇంకొంచెం స్పష్టం చేసింది. అక్కడ తండ్రి పోయిన పిల్లల వెనకబాటును చాలావరకు పేదరికమే వివరించింది. తల్లి పోయిన పిల్లల విషయంలో మాత్రం పేదరికాన్ని లెక్కలోకి తీసుకున్నాక కూడా లోటు మిగిలింది. వాళ్ల చదువుపై ఇంట్లో పెట్టే ఖర్చు కూడా తక్కువగానే ఉంది. బడికి ఆలస్యమవుతుంటే లేపేది, హోంవర్క్ చేశావా అని అడిగేది, ఫీజు గడువు గుర్తుపెట్టుకునేది, టీచరు రమ్మంటే వెళ్లి మాట్లాడేది చాలా ఇళ్లలో తల్లే. ఈ పనులకు జీతం లేదు, లెక్కల పుస్తకంలో చోటు లేదు. ఆమె పోయినప్పుడు ఇంటి ఆదాయం అంతగా మారకపోవచ్చు, ఈ పనులు మాత్రం ఒక్కసారిగా ఆగిపోతాయి. విద్యాసహాయం అన్నప్పుడు ఫీజుతో పాటు ఈ ఆగిపోయిన పనిని తిరిగి ఎవరి చేతిలో పెట్టాలన్నదే ఆలోచించాల్సిన ముఖ్య విషయం.

ఈ ప్రశ్నకు నేరుగా జవాబు వెతికిన ప్రయోగం తూర్పు జింబాబ్వే గ్రామాల్లో 2007లో మొదలైంది. డెనిస్ హాల్‌ఫోర్స్, హ్యున్సాన్ చో, వారి జింబాబ్వే సహచరులు 25 ప్రాథమిక పాఠశాలల్లో ఆరో తరగతి చదువుతున్న 329 మంది అనాథ బాలికలను ఎంచుకున్నారు. ఏ బడులకు పూర్తి సహాయం అందాలన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయించారు. అన్ని బడుల్లోనూ రోజూ భోజనం పెట్టారు. దానికి తోడు సహాయం పొందిన బడుల్లోని బాలికలకు ఫీజులు, యూనిఫాం, చదువుకు కావలసిన సామగ్రి ఇచ్చారు. ఆ బడుల్లో కొందరు ఉపాధ్యాయినులను ఎంపిక చేసి, శిక్షణ ఇచ్చి, ఒక్కొక్కరికి దాదాపు పదిమంది బాలికలను అప్పగించారు. హాజరును గమనించడం, పిల్ల రాకపోతే ఎందుకు రాలేదో కనుక్కోవడం, ఆ కారణాన్ని తొలగించడానికి ప్రయత్నించడం వాళ్ల పని. దేశం అప్పుడు తీవ్రమైన ఆర్థిక సంక్షోభంలో ఉంది. 2008లో అక్కడి ద్రవ్యోల్బణం కరెన్సీకి అర్థమే లేకుండా చేసింది, ఉపాధ్యాయుల జీతాలకు విలువ లేకుండా పోయింది. అటువంటి సమయంలో కూడా, 2011లో వెలువడిన ఫలితాల ప్రకారం, రెండేళ్లలో ఈ సహాయం బడి మానేయడాన్ని 82 శాతం, పెళ్లిళ్లను 63 శాతం తగ్గించింది. సహాయం పొందిన బాలికల్లో బడి మీద అభిమానం, భవిష్యత్తు మీద నమ్మకం ఎక్కువగా కనిపించాయి.

ఇక్కడ భోజనం రెండు వైపులా ఉంది. కాబట్టి ఈ తేడాకు కారణం కడుపు నిండటం కాదు. ఫీజు, యూనిఫాం, గమనించే మనిషి ఈ మూడూ కలిసి తెచ్చిన తేడా అది. ఈ మూడింటిలో దేని పాలు ఎంత అన్నదానికి కొంత సమాధానం ఆ ప్రయోగం కొనసాగింపులోనే దొరికింది. మొదట్లో భోజనం తప్ప మరేమీ పొందని బాలికలకు కొన్నేళ్ల తర్వాత ఫీజులు మాత్రం కట్టడం మొదలుపెట్టారు. ఆ తర్వాత రెండు జట్లనూ పోల్చి చూస్తే, పూర్తి సహాయం మొదటి నుంచీ పొందిన బాలికల్లో బడి మానేయడం, గైర్హాజరు రెండూ తక్కువగానే ఉన్నాయి. అంటే ముందుగా అందిన సహాయానికి, ఫీజును మించిన సహాయానికి ఫలితం ఉంది.

ఆ ఉపాధ్యాయిని చేసే పని బయటి నుంచి చూస్తే చిన్నదిగానే కనిపిస్తుంది. సోమవారం ఒక పిల్ల రాలేదు. పట్టీలో గైర్హాజరు వేసి ఊరుకుంటే అక్కడితో ముగిసిపోతుంది. ఆమె తోటి పిల్లలను అడుగుతుంది, సాయంత్రం దారిలో ఆ ఇంటి దగ్గర ఆగుతుంది. అమ్మమ్మకు జ్వరమని, నీళ్లు మోసేవాళ్లు లేరని తెలుస్తుంది. రెండు రోజులు ఆ పని పొరుగువాళ్లకు ఒప్పజెప్పవచ్చేమో మాట్లాడుతుంది. పిల్ల బుధవారం నుంచి వస్తుంది. మరో పిల్ల నెలలో మూడు నాలుగు రోజులు క్రమం తప్పకుండా రావడం లేదంటే, అది నెలసరి రోజుల ఇబ్బంది అని మగ ఉపాధ్యాయుడికి తట్టకపోవచ్చు, తట్టినా అడగలేకపోవచ్చు. ఉపాధ్యాయిని మాత్రం ఆ పిల్లను పక్కకు పిలిచి అడగగలదు. ఇంకో ఇంట్లో పెళ్లి చూపుల ప్రయత్నం జరుగుతున్నట్టు బడికి అందరికంటే ముందు తెలిసేది కూడా ఇలాగే, ఆ పిల్ల చెప్పుకోవడానికి ఒక మనిషి ఉంటేనే. ఆమె మాట అన్నిసార్లూ చెల్లకపోవచ్చు. కాని గైర్హాజరు మొదటి వారంలో అడిగే ప్రశ్నకూ, మూడు నెలల తర్వాత అడిగే ప్రశ్నకూ బోలెడంత తేడా ఉంది. మూడు నెలలు గడిచాక ఆ పిల్లకు తిరిగి రావడానికే సిగ్గు అడ్డొస్తుంది.

కెన్యాలోని న్యాంజా ప్రాంతంలో ఇదే పరిశోధక బృందం 105 మంది అనాథ బాలబాలికలతో చేసిన చిన్న ప్రయోగంలో ఈ బాధ్యతను బడి ఉపాధ్యాయులకు బదులు ఊళ్లోని సందర్శకులకు అప్పగించారు. ఒక ఏడాది తర్వాత అక్కడా బడి మానేసినవారు తక్కువగానే ఉన్నారు. మనిషి బడిలోవాడా ఊళ్లోవాడా అన్నది ఆయా చోట్ల వీలును బట్టి తేల్చుకోవచ్చు. ఆ పనికి ఒక పేరు, కొంత సమయం, కొద్దిపాటి పారితోషికం ఉండాలన్నది మాత్రం తప్పదు. దయగల టీచరు తనంతట తాను చేస్తుందిలే అని వదిలేస్తే, ఆ టీచరు బదిలీ అయిన రోజున సహాయమంతా ఆగిపోతుంది.

ఈ ఫలితాలకు హద్దులున్నాయి. ఆ హద్దులను దాచిపెట్టడం ఈ పిల్లలకు మేలు చేయదు. జింబాబ్వేలో బడిలో నిలిచిన బాలికల పరీక్ష మార్కులు మెరుగుపడలేదు. బడిలో కూర్చోబెట్టగలిగిన సహాయం, ఆ బడిలో చదువు చెప్పించలేకపోయింది. దీన్ని సహాయ పథకం వైఫల్యంగా చూడటం సరికాదు. జీతాలందక ఉపాధ్యాయులు వెళ్లిపోతున్న బడిలో, పుస్తకాలు లేని తరగతి గదిలో యూనిఫాం వేసుకున్న పిల్ల కూడా యూనిఫాం లేని పిల్ల నేర్చుకున్నంతే నేర్చుకుంటుంది. అయితే ఏళ్ల తరబడి బడికి వెళ్లి చివరి పరీక్షలో తప్పిన కౌమార బాలికకు ఆ ఏళ్లు ఏమి మిగిల్చాయన్న ప్రశ్న న్యాయమైనదే. అమ్మానాన్నలు ఉన్న పిల్లలకు వెనకబడిన పాఠం చెప్పడానికి ఇంట్లో ఒకరుండొచ్చు, లేదా ట్యూషన్‌కు పంపవచ్చు. వీళ్లకు ఆ రెండూ లేవు. అందుకని వెనకబడిన పాఠాలు తిరిగి చెప్పించే ఏర్పాటును ఈ సహాయంలో అదనపు సౌకర్యంగా కాక అవసరమైన భాగంగానే లెక్కపెట్టాలి.

రెండో హద్దు ఆరోగ్యానికి సంబంధించినది. ఆఫ్రికాలో ఈ ప్రయోగాలు చాలావరకు హెచ్‌ఐవి నివారణ నిధులతో, ఆ లక్ష్యంతోనే జరిగాయి. బడిలో ఉన్న పిల్లలు త్వరగా లైంగిక సంబంధాల్లోకి వెళ్లరని, అందువల్ల వ్యాధి సోకే ప్రమాదం తగ్గుతుందని ఊహ. పిల్లలు చెప్పిన జవాబుల్లో ఆ ఊహకు కొంత బలం దొరికింది. రక్తపరీక్షల దగ్గరకు వచ్చేసరికి దొరకలేదు. జింబాబ్వేలో తర్వాత జరిపిన పరీక్షల్లోనూ, కెన్యాలోని సియాయా కౌంటీలో 26 బడుల నుంచి 835 మంది అనాథలతో జరిగిన పెద్ద ప్రయోగంలోనూ హెచ్‌ఐవి, హెర్పిస్ అనే మరో లైంగిక వ్యాధి సోకడంలో తేడా కనిపించలేదు. మలావీలోని జోంబా జిల్లాలో మాత్రం వేరే ఫలితం వచ్చింది. అక్కడ అనాథలకే పరిమితం చేయకుండా కౌమార బాలికలకు నగదు ఇచ్చిన ప్రయోగంలో, మొదట్లో బడిలో ఉన్న బాలికలను పద్దెనిమిది నెలల తర్వాత చూస్తే, హెచ్‌ఐవి ఉన్నవారు నగదు అందినవారిలో 1.2 శాతం, అందనివారిలో 3 శాతం అని 2012లో ప్రచురించారు. ఈ రెండు రకాల ఫలితాలనూ పక్కపక్కన పెట్టుకుంటే ఒక మాట చెప్పవచ్చు. చదువుకు సాయాన్ని వ్యాధి నివారణ మందుగా చూపి నిధులు తెస్తే, రక్తపరీక్షలో తేడా రాని రోజున ఆ నిధులు ఆగిపోతాయి. అప్పుడు పదో తరగతి మధ్యలో ఉన్న పిల్లలు నష్టపోతారు. చదువుకోవడం పిల్లల హక్కు. 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక ఆ మాటను రాసిపెట్టింది. ఆ హక్కును మరో ప్రయోజనానికి సాధనంగా మాత్రమే సమర్థించడం దాని పునాదిని బలహీనపరుస్తుంది.

యూనిఫాం విషయం చూడటానికి చిన్నది, విడిగా చెప్పుకోవలసినది. ఫీజు లేని బడిలో కూడా యూనిఫాం లేకుండా వెళితే వెనక్కి పంపే చోట్లు ఉన్నాయి. పంపకపోయినా, చిరిగిన బట్టతో తరగతిలో నిలబడటం పద్నాలుగేళ్ల వయసులో భరించలేని సంగతి. ఒక్క జత ఉన్న పిల్ల రాత్రి ఉతికి ఆరేస్తుంది, వానాకాలంలో అది తెల్లారేసరికి ఆరదు, ఆ రోజు బడి పోతుంది. పైగా కౌమారంలో ఏటా ఒళ్లు పెరుగుతుంది కాబట్టి నిరుటి జత ఈ ఏడు పనికిరాదు. కెన్యాలో ఉచితంగా యూనిఫాం ఇచ్చి చూసిన ఒక ప్రయోగంలో గైర్హాజరు 44 శాతం తగ్గింది. అంతకుముందు అసలు యూనిఫాం లేనివారిలో 62 శాతం తగ్గింది. మరో ప్రయోగంలో ఎస్తేర్ డఫ్లో, పాస్కలిన్ డ్యూపా, మైకేల్ క్రేమర్ పశ్చిమ కెన్యాలోని 328 బడుల్లో చూసినది ఇదే: ఉచిత యూనిఫాం అందిన చోట మూడేళ్లలో బడి మానేసిన బాలికల శాతం 19 నుంచి 16కు తగ్గింది. అయితే మొదటి ప్రయోగంలోని పిల్లలను ఏళ్ల తర్వాత వెతికి చూస్తే, ఒక జత యూనిఫాం వల్ల వాళ్లు చదివిన మొత్తం తరగతులు పెరగలేదు. ఒక అడ్డంకిని ఒకసారి తొలగిస్తే వచ్చే ఫలితం కూడా ఆ ఒకసారికే. తరువాతి ఏడు ఫీజు అడ్డొస్తుంది, ఆపై ఏడు దూరం అడ్డొస్తుంది. చందాలు పోగుచేసి ఏడాదికోసారి పుస్తకాలు, బట్టలు పంచే కార్యక్రమాలు ఫొటోల్లో బాగుంటాయి. అవి చేసే మేలు నిజమే గాని, అది ఆ ఏడాదితో సరి.

డబ్బు ఎవరి చేతికి ఇవ్వాలన్న చర్చ కూడా ఈ విషయంలో తెగనిది. ఒకటి, బడికే నేరుగా కట్టడం. జింబాబ్వే ప్రభుత్వం 2001లో మొదలుపెట్టిన బీమ్ పథకం ఈ పద్ధతిలో నడిచింది. ఊరి కమిటీ పేద పిల్లలను గుర్తిస్తే, ఫీజు ప్రభుత్వం బడికి చెల్లిస్తుంది. డబ్బు వేరే ఖర్చుకు పోదన్నది దీని బలం. చెల్లింపు ఆలస్యమైతే బడి ఆ పిల్లవాడిని బాకీదారుగా చూస్తుందన్నది దీని బలహీనత. రెండోది, కుటుంబానికి నగదు ఇవ్వడం. కెన్యా 2004లో అనాథలు, నిస్సహాయ పిల్లలు ఉన్న కుటుంబాలకు మొదలుపెట్టిన నగదు బదిలీ ఈ కోవలోది. దాని వల్ల పెద్ద తరగతుల్లో నమోదు పెరిగింది. ఒకే ఇంట్లో కూడా దూరపు చుట్టం పిల్ల వెనకబడుతుందన్న పరిశోధనను గుర్తుచేసుకుంటే, ఇంటికి ఇచ్చిన డబ్బు ఆ పిల్ల దాకా చేరుతుందా అన్న అనుమానం సహజం. అయితే ఆ పిల్లను చేరదీసిన ఇంటికి ఆ పిల్ల వల్లనే నెలకు కొంత వస్తోందంటే, ఆమెకు అక్కడ కొంత గౌరవం దక్కుతుందన్నది కూడా నిజమే.

మూడోది షరతులతో కూడిన నగదు. బడికి నూటికి 80 రోజులు వస్తేనే డబ్బు. జోంబా ప్రయోగంలో షరతు పెట్టిన జట్టులో బడి మానేయడం బాగా తగ్గింది. షరతు లేని జట్టులో వచ్చిన తగ్గుదల దానిలో 43 శాతం మాత్రమే. ఈ అంకె చూసి షరతే మేలు అనుకునేలోపు, రెండో సగం కూడా చూడాలి. బాల్యవివాహాలు, చిన్న వయసు గర్భాలు మాత్రం షరతు లేని జట్టులోనే బాగా తక్కువగా ఉన్నాయి. ఆ తేడా అంతా ఎలాగూ బడి మానేసిన బాలికల దగ్గర నుంచి వచ్చింది. షరతు తప్పిన పిల్లకు డబ్బు ఆగిపోతుంది. డబ్బు ఆగిన ఇంట్లో ఆమెకు మిగిలే దారి పెళ్లి. అనాథ పిల్లల విషయంలో దీన్ని మరింత జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే గైర్హాజరుకు కారణం చాలాసార్లు వాళ్ల చేతుల్లో ఉండదు. అమ్మమ్మకు జబ్బు చేస్తే ఆగిపోయిన పిల్లకు సహాయం కోయడం, పడిపోతున్నవారి చేతికర్ర లాగేసుకోవడమే. హాజరు తగ్గితే ఆ సమాచారం మనిషిని ఆ ఇంటికి పంపడానికి పనికిరావాలి. డబ్బు ఆపడానికి కాదు.

ఉగాండాలో ఫ్రెడ్ సెవమాలా నాయకత్వంలో జరిగిన ప్రయోగాలు నాలుగో దారిని చూపాయి. అనాథ పిల్లల పేరు మీద బ్యాంకు పొదుపు ఖాతా తెరుస్తారు. పిల్లలు, వాళ్ల సంరక్షకులు దాచిన ప్రతి మొత్తానికి అంతే, లేదా దానికి రెట్టింపు కార్యక్రమం జమ చేస్తుంది. ఆ డబ్బును పై చదువుకో, కుటుంబానికి ఆదాయం తెచ్చే చిన్న వ్యాపారానికో వాడుకోవాలి. 48 ప్రాథమిక బడుల నుంచి 1410 మంది అనాథ కౌమారులు పాల్గొన్న ప్రయోగం ఈ వరుసలో పెద్దది. ఇటువంటి ఖాతాలు ఉన్న పిల్లల్లో పై చదువు చదవగలమన్న నమ్మకం పెరిగింది, దిగులు తగ్గింది. ఈ పద్ధతిలో ఆలోచించదగ్గ విషయం మరొకటి ఉంది. రేపటి ఫీజు నేడే ఖాతాలో కనిపిస్తుంటే, వచ్చే ఏడాది చదువు ఉంటుందో లేదో అన్న సందేహంతో ఈ ఏడాది మనసు పెట్టకపోవడం తగ్గుతుంది. ఏ నెల సహాయం ఆగుతుందో తెలియని పిల్లలు తమ చదువును తామే సీరియస్‌గా తీసుకోరు, తీసుకోవడం వాళ్లకు భద్రంగా అనిపించదు.

సహాయం అందించే తీరు కూడా పిల్లలను బడికి దగ్గర చేయగలదు, దూరమూ చేయగలదు. తరగతిలో లేపి నిలబెట్టి అనాథల పేర్లు చదవడం, సహాయం పుచ్చుకుంటున్నవారికి వేరే రంగు సంచి ఇవ్వడం, దాతలు వచ్చినప్పుడు వేదిక ఎక్కించి తమ కష్టం చెప్పించడం చిన్న పిల్లలు ఎలాగో భరిస్తారు. కౌమారంలో అవి అవమానాలు. సహాయంగా దొరికిన ఆ సంచి తెచ్చుకోవడం ఇష్టం లేక బడి మానేసే వయసు అది. ఆసరా అవసరమైన పిల్లలందరినీ కలిపి, అనాథలు ఎవరు, నిరుపేదలు ఎవరు అన్నది బయటపడకుండా ఫీజు పేరు పేరునా కార్యాలయంలోనే సర్దుబాటు చేయడం కష్టమైన పనేమీ కాదు. పేదరికం కూడా అంతే పెద్ద కారణమని తేలినప్పుడు ఎంపిక విస్తృతంగా ఉండటమే న్యాయం. దానివల్ల అనాథ అన్న ముద్ర కూడా తప్పుతుంది. దుఃఖం విషయం దీనితో కలిసే ఉంది. తల్లిదండ్రుల మరణం తర్వాత నెలల తరబడి పాఠం తలకెక్కకపోవడం మామూలే. దాన్ని సోమరితనంగా చూసి శిక్షించే బడి, ఫీజు కట్టించిన సహాయాన్ని తరగతి గదిలో వృథా చేస్తుంది.

హాస్టల్ ఉన్న బడికి పంపడం ఒక పరిష్కారంగా తరచూ ముందుకొస్తుంది. ఇంటి పని, దూరం, పెళ్లి ఒత్తిడి ఒక్కసారిగా తప్పుతాయి కాబట్టి కొందరికి అది నిజంగానే మంచి దారి. కాని తోబుట్టువులను విడదీస్తే, ముఖ్యంగా తమ్ముడి కోసం ఆలోచిస్తూ నిద్రపోని అక్కను దూరంగా పెడితే, ఆ చదువు నిలవడం కష్టం. సెలవుల్లో ఎక్కడికి వెళ్లాలన్న ప్రశ్నకు కూడా ముందే జవాబు ఉండాలి.

ఇక సహాయం ఎప్పుడు ముగుస్తుందన్నది. అత్యధిక పథకాలు పద్దెనిమిదేళ్లకు ఆగిపోతాయి, ఎందుకంటే అనాథ అన్న నిర్వచనమే అక్కడ ముగుస్తుంది. తల్లిదండ్రుల జబ్బులో, మరణంలో ఒకటి రెండేళ్లు పోగొట్టుకున్న పిల్లలు మాత్రం ఆ వయసుకు ఇంకా పదో తరగతిలోనో, దాని తరువాతి తరగతిలోనో ఉంటారు. వయసును గీతగా పెట్టుకుంటే, అందరికంటే ఎక్కువ నష్టపోయినవారికే ముందుగా సహాయం ఆగుతుంది. గీత తరగతి పూర్తవడం దగ్గర ఉండాలి. చివరి పరీక్షకు దరఖాస్తు చేసే నాటికి జనన ధ్రువీకరణ పత్రం, సంరక్షకుల సంతకం అడిగే చోట, ఆ పత్రాలు చేతిలో లేక ఏడాది పోగొట్టుకునే పిల్లలు ఉంటారు. తల్లిదండ్రుల మరణాన్ని ఎవరూ నమోదు చేయించకపోతే ఆ చిక్కు ఇంకా ముదురుతుంది. ఈ కాగితాల పనిని పరీక్ష ముందు నెలలో కాక, పిల్ల సహాయంలో చేరిన మొదటి ఏడాదిలోనే పూర్తి చేయించడం ఆ గమనించే మనిషి బాధ్యతల్లో ఒకటిగా రాయాలి. పరీక్ష పాసయ్యాక కూడా బకాయి ఉందని సర్టిఫికెట్ ఆపేసే బడులు ఉన్నాయి. ఆ చివరి బకాయి కూడా మొదటి ఏడాది ఫీజుతో పాటే లెక్కలో ఉండాలి.